మనుషులు వంగే చోట

రాజనర్సు దోహాలో పాత ఇళ్లు కూలగొట్టే కంపెనీలో పనిచేసేవాడు. కూలగొట్టేది యంత్రాలే. ఇతని పని ఎదురుగా నిలబడి లావుపాటి పైపుతో నీళ్లు కొట్టడం, దుమ్ము లేవకుండా. పొద్దంతా కొట్టినా సాయంత్రానికి మూతినిండా దుమ్మే. చమురు ధర పైపైకి ఎక్కుతున్న ఏండ్లవి. పట్నం ఒక దిక్కు కూలుతుంటే ఇంకో దిక్కు లేస్తోంది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేట పక్కన ఒకప్పుడు అరబ్బులు కాపురాలు చేసిన ఇళ్లు, వాళ్లు విల్లాలకు పోయాక కూలోళ్లు మంచాల మీద మంచాలేసుకుని బతికిన ఇళ్లు, ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. వాటికి ఆఖరిసారి నీళ్లు పోసేవాడు రాజనర్సు. పీనుగుకు స్నానం చేయించినట్టుంటది అని ఒకసారి అన్నాడు. అంతకంటే పెద్ద మాట అతని నోటినుంచి రాదు. జగిత్యాల దిక్కు పల్లెటూరివాడు, నలభై దాటాయి, మాట తక్కువ.

ఇతని సంగతి చెప్పాలంటే ఇతని పెండ్లాల సంగతి చెప్పాలి.

మొదటామె భూమవ్వ. రాజనర్సు మొదటిసారి ఖతర్ వచ్చిన ఏడు ఆమె జ్వరంతో పోయింది. ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి ‘ఉన్నపళంగ రా’ అని చెప్పేసరికే అంతా అయిపోయింది. పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గర, దాన్నిచ్చే పెద్దమనిషి సెలవులో. ఇతను ఊరు చేరేసరికి కాలిన చోట బూడిద కూడా ఎత్తేశారు. ఆమె కన్న చిన్నపిల్లను చూసేవాళ్లు లేక, రెండేండ్లకు ఎల్లవ్వను చేసుకున్నాడు.

వాళ్ల దిక్కు ఒక ఆచారముంది. పెండ్లాం పోయినవాడు మళ్లీ చేసుకుంటే, పోయినామె బొమ్మను రూపాయంత వెండి బిళ్ల మీద గుద్దించి, పుస్తెతో పాటు కొత్తామె మెడలో కడతారు. కొత్తామె ఆ బిళ్లను అక్కా అనే పిలుస్తుంది. పండుగనాడు ముందు అక్కకు పెట్టి ఆ తర్వాతే తాను తింటుంది. ఇట్ల చేస్తే పోయినామెకు కోపం రాదని పెద్దలంటారు. కోపం సంగతేమో గానీ, ఇంట్లో ఆమెకు చోటు మిగులుతుంది. అది మాత్రం నిజం.

పెండ్లికి ముందు అవుసలాయన బిళ్ల చేసి తెచ్చి రాజనర్సు చేతిలో పెట్టాడు. రాజనర్సు దాన్ని కండ్లకద్దుకున్నాడు గానీ, సరిగ్గా చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయమో, వెండిముక్కలో చూసేదేముందన్న మొండితనమో. మొత్తానికి చూడలేదు. పెండ్లయిన నెలకే మళ్లీ ఖతర్ ఎక్కేశాడు.

ఎల్లవ్వ మాత్రం ఆ బిళ్లతోనే కాపురం చేసింది. అబద్ధమెందుకు, మొగుడితో చేసిన కాపురం ఎంత? సెలవుకు వచ్చినన్నాళ్లు. మిగతా కాలమంతా ఇంట్లో ఉన్నది ఎల్లవ్వ, భూమవ్వ కన్న బిడ్డ, మెడలో భూమవ్వ. ఎల్లవ్వ బీడీలు చుట్టేది. ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ, మధ్యమధ్య బొటనవేలితో బిళ్లను రుద్దుతూ అక్కతో మాట్లాడేది. పొయ్యి రాజుకోలేదని చెప్పేది, పిల్లకు బువ్వ సయించట్లేదని చెప్పేది, బీడీల సేటు తూకంలో మోసం చేస్తున్నాడని చెప్పేది. ఎన్నడూ చూడని మనిషి. అయినా ఊళ్లో ఉన్న ఆడవాళ్లెవరికీ చెప్పని మాటలు ఆమెకు చెప్పేది.

అట్ల రుద్ది రుద్ది బిళ్ల అరిగిపోయింది. పైన తాడు దూర్చే కడీ పగిలింది. పోయినసారి సెలవుకు వచ్చిన రాజనర్సు, ఎన్నడూ లేంది, గొప్పకు పోయాడు. దోహాలో బంగారం దుకాణాలున్నాయి, అక్క చుట్టూ బంగారం అంచు కట్టిస్తానన్నాడు. ఎల్లవ్వ వద్దంది. వెండి కడీ ఇక్కడే ఏయిస్తే సరిపోతదంది. ఇతను వినలేదు. భూమవ్వకు బతికున్నప్పుడు ఏమీ చేయలేదన్న బాధ ఒకటి ఎక్కడో ఉండి ఉంటుంది. దానికి బంగారం పూత వేద్దామనుకున్నాడు. ఎల్లవ్వ మెడలోంచి తీసి ఇస్తూ బిళ్లను చెంపకు ఆనించుకుంది. ‘జెల్దిన తోల్కొనిరా’ అంది, మనిషిని పంపుతున్నట్టే.

దోహా బంగారం దుకాణంవాడు బిళ్లను అరచేతిలో వేసుకుని చూసి వెనక్కి ఇచ్చేశాడు. పలుచబడిపోయింది, నిప్పు తగిలితే కరుగుతుందన్నాడు. ఇంకో దుకాణంవాడు ముట్టనే లేదు. సరే, మళ్లీ సెలవుకు పోయేదాకా తన మొలతాడుకే కట్టుకున్నాడు రాజనర్సు. ఎండలు ముదిరాయి. మొలతాడు చెమటకు నాని నాని మెత్తబడింది. ఒకరోజు డ్యూటీ దిగి క్యాంపులో స్నానానికి బట్టలిప్పితే మొలతాడు లేదు. బిళ్ల లేదు.

వంటగది వెతికాడు, బస్సు వెతికాడు, డ్రైవరుతో తిట్లు తిన్నాడు. తెల్లారి సైటులో పైపు పట్టుకుని నీళ్లు కొడుతుంటే ఒకటే ఆలోచన. ఏ గోడ కిందనో భూమవ్వ ఉంది, తానే ఆమె మీద బురద చేస్తున్నాడు.

ఎల్లవ్వకు చెప్పకుండా దాస్తే పోయేది. దాచే తెలివి ఇతనికి లేదు. ఫోన్లో చెప్పేశాడు. ఎల్లవ్వ తిట్టలేదు, ఏడవలేదు. చలికాలం సెలవు ఎప్పుడని అడిగింది. చెప్పాడు.

‘‘అక్కను తోల్కొని రా. లేకుంటే రాకు.’’

ఆ మాటతో రాజనర్సు బతుకు ఒకే దారిన పడింది. చలికాలం లోపల బిళ్ల దొరకాలి. ఇంత పెద్ద పట్నంలో, దినాం తిరగబడే నేలలో, రూపాయంత వెండి.

ముజఫ్ఫర్ అలీ అని ఒకతనుండేవాడు. నిజామాబాదు మనిషి, పికప్ బండి నడిపేవాడు. విల్లాలు ఖాళీ చేసి పోయే తెల్లోళ్ల సామాను కొని అమ్మేవాడు. తెలుగూ ఉర్దూ కలిపి కొట్టే మాటకారి. ఒక ఇంజనీరు దేశం విడిచిపోతూ ఇచ్చిన సామానులో ఒక యంత్రం దొరికింది అతనికి. పొడుగు కర్ర, కింద పళ్లెమంత చుట్ట, పైన చిన్న డబ్బా, చెవులకు పెట్టుకునే తీగ. లోహం దగ్గరికి వస్తే కూస్తుంది. ముజఫ్ఫర్‌కు దాని సంగతి తెలియదు. రాజనర్సుకు తెలుసు. వాళ్ల ఊరి బాటలో, కల్వర్టుల కింద మందుపాతరలున్నాయేమోనని పోలీసులు ఇటువంటిదే నేలమీద ఊపుకుంటూ నడిచేవారు. పడుచు వయసులో వాళ్ల వెనక చాలా దూరం నడిచి దెబ్బలు తిన్నాడు.

యంత్రం ఇతనికి వచ్చింది. ‘దొరికినప్పుడు దావత్ ఇయ్యి’ అన్నాడు ముజఫ్ఫర్. క్యాంపులో అందరూ ఇతన్ని మందుపాతర రాజన్న అనడం మొదలుపెట్టారు. బాత్రూములోకి పోతే కూడా, లోపల ఏమన్న దొరికిందా అన్నా, అని అరిచేవారు. రాజనర్సు పట్టించుకోలేదు.

మొదట్లో ఏమీ తెలియలేదు. శుక్రవారం సెలవునాడు సైటులోకి పోయి చుట్ట ఊపితే అడుగడుక్కీ కూత. మేకులు, సలాకలు, గోడల్లోని జాలీ ముక్కలు. కూలిన ఇల్లంటే ఇనుప కుప్ప. అందులో వెండి వెతకడమంటే జాతరలో పిల్లను పేరు పెట్టి పిలవడమే. అదీగాక కూల్చిన మట్టిని లారీలు ఎప్పటికప్పుడు ఊరవతలికి ఎత్తుకుపోతున్నాయి. అక్కడికీ పోయాడు, అల్ వక్రా దారిలో, ముజఫ్ఫర్ బండిలో. గుట్టలకు గుట్టలు. ఆ గుట్టలు చూసి ముజఫ్ఫర్ ఇంజను కూడా ఆపలేదు. ‘చల్ రాజన్నా, ఖల్లీ వల్లీ, ఇడ్సిపెట్టు’ అని బండి తిప్పేశాడు.

అప్పుడు రాజనర్సు ఆలోచించడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఆలోచించని మనిషి ఆలోచిస్తే నెమ్మదిగా, గట్టిగా ఆలోచిస్తాడు. తన మొలతాడు ఎక్కడ తెగి ఉంటుంది? నడిచేటప్పుడు తెగదు. నిలబడి నీళ్లు కొట్టేటప్పుడు తెగదు. కూర్చున్నప్పుడు, వంగినప్పుడు, పొట్ట మడత పడి తాడు లాగినప్పుడు తెగుతుంది. అంటే తాను వెతకాల్సింది తాను పనిచేసిన చోట కాదు. తాను వంగిన చోట.

ఆ ఒక్క ఆలోచనతో పట్నమంతా ఇతనికి వేరేగా కనిపించింది. పట్నంలో మనుషులు ఎక్కడ వంగుతారు? బస్సుకోసం గొంతుకూర్చునే గోడ నీడలో. టిఫిను విప్పుకునే వేపచెట్టు కింద. నల్లా దగ్గర. పాతబడ్డ టెలిఫోను డబ్బా కింద, కార్డు గీకేందుకు. క్రికెట్ ఆడే ఖాళీ జాగా అంచున, చెప్పులిప్పే చోట. డబ్బు పంపే దుకాణం ముందు, క్యూలో అలసిపోయి కూలబడే మెట్ల పక్కన. సముద్రం ఒడ్డున పెద్దోళ్లు తిరిగే గడ్డి వైపు పోవద్దు, అక్కడ కాపలా ఉంటుంది, పైగా అక్కడ ఎవరూ వంగరు. మసీదు ముందు ఎంత మంచి జాగా అయినా యంత్రం తీయొద్దు, అది తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. మట్టి ఉండాలి, సిమెంటు ఉంటే కింద సలాకలు కూస్తాయి. జనం పోగయ్యే చోటే అయినా, కొత్తగా కాదు, ఏండ్ల తరబడి పోగయిన చోటయి ఉండాలి. నేల గట్టిపడి కొంచెం లోతుకు దిగి ఉంటుంది, చూస్తే తెలుస్తుంది.

ఆ ఎండాకాలమంతా శుక్రవారం పొద్దున్నే, ఎండ నెత్తికెక్కకముందే, ఇట్లాంటి చోట్ల తిరిగాడు. తవ్విన చిన్న గుంతను మళ్లీ పూడ్చి కాలితో తొక్కి సాపు చేసేవాడు. దొరికినవేమో సీసా మూతలు, తాళంచెవులు, బెల్టు బిళ్లలు, పప్పు చెంచాలు, రుద్రాక్షలకు కట్టిన రాగితీగ, ఎవడో నేపాలీవాడి ఇత్తడి ఉంగరం. పోగొట్టుకున్నవాళ్లెవరూ పెద్ద మనుషులు కారు. పెద్దమనుషులు పోగొట్టుకునేది కార్లలో, వాళ్లవి వాళ్లకే దొరుకుతాయి. నేలలో కలిసేవి కూలోడి వస్తువులే. తాళంచెవులను ముజఫ్ఫర్ బండి అద్దానికి కట్టాడు. ఏ ఒక్కటీ ఏ తలుపుకూ పనికిరాదని తెలుసు. పారేయడానికి చేతులు రాలేదు.

ఒకసారి షుర్తా పట్టుకున్నాడు. నడివయసు పోలీసు, కారు దిగి, యంత్రం చూపించి ఏంటని అడిగాడు. గుర్తింపు కార్డు, బతాకా, చూపించి, రాజనర్సు తనకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాడు. మదామ్. మదామ్ మాఫీ. అని నేలను చూపించాడు. పోలీసు నేలవంక చూశాడు, యంత్రం వంక చూశాడు, మళ్లీ ఇతని మొఖం వంక చూశాడు. పెండ్లాం లేదు, నేలలో ఉంది, ఈ కర్రతో వెతుకుతున్నాను, అన్నట్టు వినిపించింది అతనికి. పాపం అది నిజం కూడా. పిచ్చోడనుకున్నాడో, జాలిపడ్డాడో, యల్లా యల్లా అని చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ముజఫ్ఫర్ ఈ సంగతి నెలరోజులు చెప్పుకు నవ్వాడు. రాజనర్సు నవ్వలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ చివర, కంపెనీల బస్సులు ఆగే జాగాలో, కొట్టేసిన చెట్టు మొదలు దగ్గర యంత్రం కూసింది. మేకు కూతకూ వెండి కూతకూ తేడా అప్పటికి చెవులకు పట్టింది. ఇది మెత్తటి కూత. రాజనర్సు మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతోనే తవ్వాడు. జానెడు లోతు కూడా లేదు. నల్లబడిన బిళ్ల. రూపాయంత. మీద మనిషి బొమ్మ. పైన పగిలిన కడీ.

ముజఫ్ఫర్ బండిలోంచి నీళ్లు తెచ్చి పోశాడు. బొమ్మ బాగా అరిగి ఉంది. రెండు కండ్ల చుక్కలు, ముక్కు గీత, కిందికి దిగిన ఒళ్లు.

‘‘మంచిగ సూస్కో రాజన్నా. గిదేనా?’’

‘‘నా పెండ్లాం నాకు తెల్వదా భాయ్?’’

ఆ మాట రాజనర్సు ఎప్పటికంటే గట్టిగా అన్నాడని ముజఫ్ఫర్ తర్వాత చెప్పాడు. సంతోషంతో అన్నాడనుకున్నాడట. కాదు. కడీ పగిలి ఉందని గుర్తుపట్టాడు, అరిగి ఉందని గుర్తుపట్టాడు. మొఖం మాత్రం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేందుకు లోపల ఏమీ లేదు. భూమవ్వ అంటే అతనికి యాదికొచ్చేది ఆకుపచ్చ రవిక, నీళ్లబిందె చంకన పెట్టుకున్న తీరు, దగ్గు. మొఖం ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీలోకి ఏ బిళ్ల తెచ్చి పెట్టినా పట్టేది.

చలికాలందాకా ఆగలేకపోయాడు. క్యాంపు నుంచి పక్కూరి మనిషొకడు సెలవుకు పోతుంటే, బిళ్లను పాత బనీను గుడ్డలో కుట్టి, దాన్ని చొక్కా లోపలి జేబులోనే పెట్టుకొమ్మని, విమానంలో కూడా తీయొద్దని చెప్పి పంపాడు. నాలుగురోజులకు ఎల్లవ్వ ఫోన్ చేసింది. అందిందంది. మెడలో వేసుకున్నానంది. రాజనర్సు ఆ రోజు ముజఫ్ఫర్‌కూ, గదిలోవాళ్లకూ కోడికూర పెట్టించాడు. మందుపాతర రాజన్న పని ఒడిసిందన్నారు. యంత్రాన్ని మంచం కిందికి తోశాడు. కొన్నాళ్లు కంటినిండా నిద్రపోయాడు.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య. ఆ సాయంత్రం ఎల్లవ్వ మళ్లీ ఫోన్ చేసింది. వంకాయకూర వండాను, బెల్లంబువ్వ వండాను, విస్తరి వేశాను అని చెబుతూ చెబుతూ ఆగింది.

అప్పుడు బయటపెట్టింది. గుడ్డ విప్పి బొటనవేలు పెట్టిన మొదటి గడియలోనే తనకు తెలిసిపోయిందట. ఈ బిళ్ల అక్క కాదని. ఎండలో పడి అన్ని నెలలు తిరిగి వెతికిన మనిషి సంబరం చెడగొట్టడమెందుకని ఊరుకుందట. అబద్ధానికే మెడలో వేసుకుందట. కానీ ఇవాళ విస్తరి ముందర కూర్చుని పేరు పెట్టి పిలవాలి గదా. భూమక్కా, వచ్చి తినిపో, అనాలి. నోరు రాలేదు. చింతపండు పెట్టి తోమి దీపం దగ్గర పెట్టి చూసింది. బొట్టు లేదు, పుస్తె లేదు, కొప్పు లేదు. గోచి ఉంది. ఎవరో పిల్లవాడు. పెండ్లికాకుండా పోయిన పిల్లవాడు, అట్లాంటివాళ్లకూ వాళ్ల దిక్కు బిళ్ల చేయిస్తారు.

రాజనర్సు ఫోను పట్టుకుని గది బయటికి వచ్చాడు.

‘‘మరి పడేసినవా?’’ అని అడిగాడు.

‘‘ఇంట్లకొచ్చిన పిల్లగాన్ని ఎట్ల పడేస్త? బువ్వ పెట్టిన. పేరు తెల్వదు గదా, బిడ్డా అని పిల్చిన.’’ మళ్లీ తనే అంది. ‘‘వాన్ని ఆడ ఎవలో పోగొట్టుకున్నరు. నీలెక్కనే దేవులాడుతుండొచ్చు. అడుగు. గది సరే. నాకొక్కటి చెప్పు. నీకు అక్క మొఖం యాదిలేదా?’’

ఫోను పెట్టేసింది ఎల్లవ్వ కాదు. రాజనర్సే పెట్టేశాడు.

ఆ వారమంతా పైపు పట్టుకుని నీళ్లు కొట్టాడు గానీ, ఏ గోడ కూలిందో, ఏ గోడ నిలబడిందో చూడలేదు. ముజఫ్ఫర్ వచ్చి అడిగితే చెప్పాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడే ముజఫ్ఫర్ ఆ రోజు ఆడలేదు. శుక్రవారం అందరూ కలిసే చోట అడుగుదామన్నాడు.

శుక్రవారం సాయంత్రం నమాజు తర్వాత ఆ బస్సులాగే జాగాలో మన దిక్కువాళ్లంతా చేరతారు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్. అల్ ఖోర్ నుంచి కూడా బస్సులు పట్టుకుని వచ్చేవాళ్లున్నారు. ఊరి సంగతులు, కంపెనీ తిట్లు, బాకీ పంచాయతీలు. చెట్టు మొదలు కూడా పీకేశారు అప్పటికి. చుట్టూ రేకులు బిగిస్తున్నారు. ఇంకొన్నాళ్లుంటే ఆ జాగాలో గుంత తీసి ఏదో టవర్ లేపుతారు. రాజనర్సు నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు గనక, ముజఫ్ఫరే బండి మీదెక్కి గట్టిగా చెప్పాడు. చనిపోయినవాళ్ల వెండి బిళ్ల ఒకటి ఈ జాగాలో దొరికింది, ఎవరిదైనా పోయిందా, అని.

గోల ఒక్కసారి తగ్గింది. చేతులు కదిలాయి. చొక్కా గుండీ లోపలికి ఒకరి చెయ్యి, నడుం దగ్గరికి ఒకరి చెయ్యి, బనీను మీదినుంచే గుండె మీదికి ఒకరి చెయ్యి. ఉందా లేదా అని తడుముకున్నారు. అన్నో, అక్కో, కన్నకొడుకో, ఎంతమంది చచ్చినోళ్లు కూలోళ్ల ఒంటిమీద ఎక్కి ఈ దేశం వచ్చారో ఆ గడియలో కనిపించింది. తడుముకుని, ఉందనుకున్నవాళ్లు చేతులు కిందికి దించుకున్నారు.

ఒక మనిషి చెయ్యి మాత్రం మెడ దగ్గరే ఆగింది. తర్వాత అతను ముందుకొచ్చాడు. పోశన్న అట, సిరిసిల్ల దిక్కు. వేరే కంపెనీలో చెక్కలు బిగించే పని. పోయినేడు ఇక్కడే బస్సుకోసం కూర్చునేవాడినన్నాడు.

అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తానే చెప్పడం మొదలుపెట్టాడు. నిద్రలోంచి చెబుతున్నట్టు చెప్పాడు. తమ్ముడు. బావిలో పూడిక తీస్తుంటే గడ్డ కూలింది. బిళ్ల మీద ఎడమ చెవి ఉండదు, అవ్వ చేతిలోంచి బండమీద పడి అక్కడ నొక్కుకుపోయింది. కాళ్లు రెండూ దగ్గరికి ఉంటాయి. కుడిచెయ్యి గిట్ల ఉంటది, అని తన కుడిచెయ్యి కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు, ఎవరినో ఆగమన్నట్టు. వెనకవైపు ఒక గీత, అది వాడు బతికున్నప్పుడు గీసింది కాదు గానీ వాడే గీసినట్టు అనిపిస్తది, అన్నాడు.

రాజనర్సు ఎల్లవ్వకు ఫోన్ చేశాడు. పోశన్న చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. అవతల బీడీ చాట పక్కకు పెట్టిన చప్పుడు. ఎల్లవ్వ బిళ్ల తీసి చూస్తోంది, కాదు, తడుముతోంది.

‘‘చెవు లేదు. ఔ. చెయ్యి గూడ గట్లనే ఉన్నది. వాల్లదే. వాల్ల పిల్లగాడే.’’

పోశన్న భుజం మీది తువ్వాలతో మొఖం కప్పుకుని నేలమీద కూర్చుండిపోయాడు. సరిగ్గా ఆ కొట్టేసిన చెట్టు ఉన్న జాగాలోనే. కాసేపటికి తువ్వాల లోపలినుంచే మాట్లాడాడు. అవ్వ ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడు మంచిగున్నడా అని అడుగుతదట. నా మెడలనే ఉన్నడవ్వా అని ఏడాదిగా అబద్ధం చెబుతున్నాడట. ఈసారి అవ్వనే జగిత్యాల దిక్కు తీసుకుపోయి, మీ ఇంట్లో నుంచి తమ్మున్ని తెచ్చుకుంటానన్నాడు. పెత్రమాసనాడు బువ్వ పెట్టారట గదా అని ఎవరో చెబితే, తువ్వాల తీసి రాజనర్సు వంక చూశాడు. దండం పెట్టబోతే రాజనర్సు పక్కకు జరిగాడు.

ఒకరి పని అయింది. ఇంకెవరైనా అయితే ఆ సంతోషంతో ఇంటికి పోదురు. పోశన్న పోలేదు. లేచి, మన్ను దులుపుకుని, న్యాయంగా అడగాల్సిందే అడిగాడు.

‘‘అన్నా, మరి నీది ఎసొంటిది? మా కంపెనోల్లు గూడ ఈ చుట్టుముట్టే పనిజేస్తున్నరు. నేను గూడ సూస్త. ఎట్లుంటదో చెప్పు.’’

చుట్టూ ఉన్నవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. చెప్పన్నా, మేం గూడ చూస్తం, అన్నారు. అంతమంది ముందర, పోశన్న తమ్ముడి చెవి దగ్గరినుంచి వేలిదాకా చెప్పిన జాగాలోనే నిలబడి, రాజనర్సు నోరు తెరిచి మూశాడు. రూపాయంత, అన్నాడు. వెండిది, అన్నాడు. ఆగిపోయాడు. ముజఫ్ఫర్ నేలచూపులు చూస్తూ చెప్పుతో మట్టి గీకుతున్నాడు.

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. ఎల్లవ్వ అవతల అంతా వింటోంది.

‘‘ఎల్లవ్వా’’ అన్నాడు. ‘‘అక్క ఎట్లుండె?’’

‘‘ఎవలడుగుతున్నరు? గాయననా?’’

‘‘కాదు. నేనే.’’

అవతల వాకిట్లో ఎవరో పిల్ల పుస్తకం చదువుతున్న గొంతు దూరంగా వినిపిస్తోంది. భూమవ్వ బిడ్డ. రాజనర్సు ఆ గొంతు విన్నాడు, అదైనా ఏదన్నా యాదికి తెస్తుందేమోనని. తేలేదు.

‘‘మంచిగ ఇను’’ అంది ఎల్లవ్వ. ‘‘అక్కను నేను సూడలే. నా ఏలికి తెలిసింది చెప్త. మొఖం గుండ్రం గాదు. కోలగుంటది.’’

‘‘కోలమొఖం’’ అన్నాడు రాజనర్సు పోశన్నతో.

‘‘బొట్టు పెద్దది. ముక్కు సప్పిడి. ముక్కు మీద నా ఏలు ఎక్కువ తిరిగింది గదా, ఆడ నున్నగైంది.’’

‘‘బొట్టు పెద్దది. ముక్కు సప్పిడి.’’

‘‘నోరు కొంచెం తెరిసే ఉంటది. ఏదో అడుగుతున్నట్టుంటది.’’

ఇది రాజనర్సు వెంటనే పైకి చెప్పలేదు. పోశన్న ఎదురు చూశాడు. రేకులు బిగించేవాళ్లు ఆఖరి రేకు తెచ్చి నిలబెట్టారు, పక్కకు జరగండి పక్కకు జరగండి అని హిందీలో అరుస్తూ. అందరూ జరిగారు.

‘‘నోరు తెరిసి ఉంటదట’’ అన్నాడు రాజనర్సు.